సూర్యబింబం నడిమధ్యన పేలితే కణాలు ఆలస్యంగా, పడమర అంచున పేలితే త్వరగా ఎందుకు వస్తాయి?

తమ్ముడూ, మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెబుతాను. తిరుపతిలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నావు. సెమినార్ కోసం సౌర తుపాన్ల మీద చదువుతుంటే కొన్ని విషయాలు ఒకదానితో ఒకటి పొసగలేదన్నావు. ఒకచోట సూర్యుడి కణాలు 8 నిమిషాల్లో వస్తాయని ఉంది, ఇంకోచోట రెండు మూడు రోజులని ఉంది. మనకు నేరుగా ఎదురుగా జరిగిన పేలుడు కణాలు మెల్లగా పెరిగితే, పడమర అంచు వైపు జరిగిన పేలుడు కణాలు అరగంట లోపే వచ్చేశాయి. సూర్యుడి వెనక వైపు పేలినా మన దగ్గరి పరికరాలు పసిగట్టాయి. చివర్లో, "మనకేమైనా ప్రమాదమా" అని మీ అమ్మగారు టెన్షన్ పడుతున్నారని రాశావు.

ఎంఎస్సీ పిల్లలకు ఈ సబ్జెక్టు చాలా ఏళ్లు చెప్పాను. నువ్వు అడిగిన వరసలో కాకుండా, విషయం నడిచే వరసలో చెబుతాను.

సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగితే మన వైపు మూడు రకాలవి బయల్దేరవచ్చు. ఒకటి వెలుగు, ఎక్స్-రేలు. ఇవి 8 నిమిషాల 20 సెకన్లలో వస్తాయి. పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో ఆగిపోయేది వీటి వల్లే, కణాల వల్ల కాదు. రెండోది కరోనల్ మాస్ ఎజెక్షన్, పొట్టిగా సీఎంఈ. అయస్కాంత క్షేత్రాన్ని వెంటేసుకుని వందల కోట్ల టన్నుల ప్లాస్మా ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. ఇది ఒకటి నుంచి మూడు రోజుల్లో వస్తుంది. 2024 మే 10 రాత్రి లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది చూడు, అది సీఎంఈలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కదిలించడం వల్ల. మూడోది నువ్వు అడిగిన శక్తిమంతమైన కణాలు, ఎక్కువగా ప్రోటాన్లు, వాటితో ఎలక్ట్రాన్లు, కొద్దిగా బరువైన అయాన్లు. వీటి టైము మిగతా రెండింటికీ మధ్యన ఉంటుంది. వీడియోలు చేసేవాళ్లు ఈ మూడింటినీ కలిపి "సౌర తుపాను" అనేస్తారు, చిక్కంతా అక్కడే వస్తుంది.

ఇక అసలు విషయం. వెలుగుకు విద్యుదావేశం లేదు, నేరుగా వస్తుంది. ప్రోటాన్‌కు ఆవేశం ఉంది, కాబట్టి అయస్కాంత క్షేత్రంలో దానికి నచ్చిన దారిన పోయే వీల్లేదు. అలిపిరిలో నిలబడితే కొండ నేరుగా కళ్ల ముందు ఉంటుంది, కానీ బస్సు చూపు పోయినంత నేరుగా పైకి పోదు, ఘాట్ రోడ్డు ఎటు తిరిగితే అటు తిరగాలి. ప్రోటాన్‌కు ఆ రోడ్డు అయస్కాంత బలరేఖ. కాబట్టి "పేలుడు మనకు ఎదురుగా ఉందా" అని అడగకూడదు. "పేలిన చోటి నుంచి మన దగ్గరికి బలరేఖ ఉందా" అని అడగాలి.

బలరేఖను అంటిపెట్టుకుని పోవడం అంటే ఎంత గట్టిగానో ఒక లెక్క చూడు. భూమి దగ్గర అంతరిక్షంలో సూర్యుడి నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం మామూలు రోజుల్లో 5 నానోటెస్లాల ప్రాంతంలో ఉంటుంది. మన నేల మీద ఉన్నది సుమారు 40 వేల నానోటెస్లాలు. అంటే అక్కడున్నది చాలా బలహీనం. అయినా 10 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ప్రోటాన్, ఇక నుంచి ఎంఈవీ అంటాను, ఆ క్షేత్రంలో సుమారు 90 వేల కిలోమీటర్ల వ్యాసార్ధంతో గిరికీలు కొడుతుంది. ఆ వ్యాసార్ధంలో ఏడు భూములను వరసగా పేర్చవచ్చు. కానీ సూర్యుడి నుంచి మనకున్న దూరం 15 కోట్ల కిలోమీటర్లు. దాంతో పోలిస్తే ఈ గిరికీ పదహారు వందల వంతు కూడా కాదు. అంత దూరం నుంచి చూస్తే ప్రోటాన్ బలరేఖను పట్టుకుని పోతున్నట్టే లెక్క.

మరి ఆ బలరేఖలు ఎలా ఉంటాయి? 1958లో యూజీన్ పార్కర్ అనే శాస్త్రవేత్త తేల్చిన విషయం ఇది. సూర్యుడి బయటి పొర అంత వేడి మీద నిలకడగా ఉండలేదు, ఎప్పుడూ బయటికి వీస్తూనే ఉంటుంది, ఆ సౌర పవనం అయస్కాంత క్షేత్రాన్ని కూడా వెంట లాక్కుపోతుంది అన్నాడు. ఆ పేపరును పరిశీలించినవాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు ఆ పత్రికకు ఎడిటర్‌గా ఉన్నది మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. లెక్కలో తప్పు ఎవరూ చూపించలేదని అచ్చుకు పంపించాడు. 1962లో మారినర్-2 శుక్రగ్రహం వైపు పోతూ దారి పొడవునా ఆ గాలిని కొలిచింది. ఈ సంగతి నీ సెమినార్లో తప్పకుండా చెప్పు. ఎడిటర్ ఆ ధైర్యం చేయకపోయి ఉంటే ఈ శాస్త్రం కొన్నేళ్లు వెనకబడేది.

గాలి నేరుగా బయటికి వీస్తుంది, కానీ బలరేఖ మొదలు సూర్యుడి మీద పాతుకుని ఉంటుంది, సూర్యుడేమో తిరుగుతుంటాడు. కాబట్టి రేఖ వంకర తిరుగుతుంది. ఎంత వంకరో నువ్వే కాగితం మీద వెయ్యి. గాలి వేగం సెకనుకు 400 కిలోమీటర్లు అనుకో. 15 కోట్లను 400తో భాగిస్తే 3 లక్షల 75 వేల సెకన్లు, అంటే నాలుగున్నర రోజులకు కాస్త తక్కువ. భూమి మీద నుంచి చూస్తే సూర్యుడు సుమారు 27 రోజులకు ఒక చుట్టు తిరుగుతాడు, రోజుకు 13 డిగ్రీలు. ఈ నాలుగు రోజుల చిల్లరలో 57 డిగ్రీలు తిరిగేశాడు. అంటే ఇప్పుడు మన దగ్గరున్న బలరేఖ మొదలు సూర్యుడి నడిమధ్యన లేదు, పడమర వైపు 55, 60 డిగ్రీల దగ్గర ఉంది. గాలి వేగం పెరిగితే ఈ కోణం తగ్గుతుంది, మందగిస్తే పెరుగుతుంది.

సూర్యుడి పడమర ఏదంటావా? డిసెంబరులో మిట్టమధ్యాహ్నం దక్షిణానికి తిరిగి సూర్యుడి వైపు నిలబడితే, నీ కుడి చేతి వైపు అంచు. సూర్యుణ్ణి మాత్రం వట్టి కళ్లతో చూడొద్దు. సూర్యుడి మచ్చలు ఎడమ అంచున పుట్టుకొచ్చి, రెండు వారాల్లో కుడి అంచుకు చేరి మాయమవుతాయి. నడిమధ్యన ఉన్న మచ్చ నాలుగైదు రోజుల్లో మనతో ముడిపడిన ఆ చోటికి వచ్చేస్తుంది.

దీనికి 2024 మే నెలకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. ఏఆర్ 3664 అనే మచ్చల గుంపు మే 8 ప్రాంతంలో నడిమధ్యకు దగ్గరగా ఉన్నప్పుడు వరసగా సీఎంఈలను మన మీదికి వదిలింది. 10న వచ్చిన పెద్ద తుపాను వాటిదే, 2003 తర్వాత ఆ స్థాయిలో అదే మొదటిది. అదే గుంపు ఇంకా పడమరకు జరిగాక, మే 11న మన టైము ప్రకారం ఉదయం 7 గంటలకు కాస్త ముందు మళ్లీ పేలింది. ఈసారి చాలా శక్తిమంతమైన ప్రోటాన్లు వచ్చి, ధ్రువాలకు దగ్గరున్న న్యూట్రాన్ మానిటర్లలో (కణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రాన్లను లెక్కపెట్టే పరికరాలు) నేల మీదే నమోదయ్యాయి. గుంపు మారలేదు, అదున్న చోటు మారింది, అందుకే మనకు వచ్చిన సరుకు కూడా మారింది.

ఇంకో గట్టి సాక్ష్యం పాతది. 1960ల మొదట్లోనే మెక్‌క్రాకెన్ అనే శాస్త్రవేత్త వేర్వేరు చోట్ల ఉన్న న్యూట్రాన్ మానిటర్ల రికార్డులు పోల్చి చూశాడు. మొదట వచ్చే కణాలు సూర్యుడి దిక్కు నుంచి రావడం లేదు, దానికి పడమరగా సుమారు 50 డిగ్రీల అవతలి నుంచి వస్తున్నాయని తేల్చాడు. సూర్యుడు ఒకవైపు ఉంటే సూర్యుడి కణాలు ఇంకోవైపు నుంచి వస్తున్నాయి! అక్కడ బలరేఖ వంకరగా వచ్చి భూమిని తాకుతోందన్నమాట.

ఇప్పుడు టైము లెక్క. వంకర దారి కాబట్టి దూరం 15 కోట్లు కాదు, సుమారు 18 కోట్ల కిలోమీటర్లు. 1000 ఎంఈవీ ప్రోటాన్ కాంతి వేగంలో 87 శాతం వేగంతో పోతుంది కాబట్టి దానికి పదకొండున్నర నిమిషాలు పడుతుంది. 100 ఎంఈవీ ప్రోటాన్‌కు 23 నిమిషాలు. 10 ఎంఈవీ దానికి గంటా పది నిమిషాలు. ఎక్కువ శక్తివి ముందు, తక్కువవి వెనక, వరసగా వస్తాయి. దీన్ని వాడుకుని ఒక మంచి పని చేయొచ్చు. ప్రతి శక్తికీ కణాలు మొదలైన టైమును ఒక అక్షం మీద, వేగానికి విలోమాన్ని ఇంకో అక్షం మీద పెట్టి గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు దారి పొడవు చెబుతుంది, అక్షాన్ని తాకే చోటు సూర్యుడి దగ్గర కణాలు వదిలిన టైము చెబుతుంది. చాలాసార్లు దారి పొడవు 18 కోట్లకంటే ఎక్కువ వస్తుంది. ఎందుకో కింద చెబుతాను.

ఇంతవరకు చెప్పింది శుభ్రమైన బలరేఖ మీద అడ్డూ ఆపూ లేని ప్రయాణం. వాస్తవంలో సౌర పవనం అల్లకల్లోలంగా ఉంటుంది, బలరేఖ నిండా చిన్నా పెద్దా మెలికలు ఉంటాయి. ప్రోటాన్ గిరికీ సైజుకు సరిపోయే మెలిక ఎదురైతే దాని దిశ మారిపోతుంది. అలాంటివి వరసగా తగిలితే వెనక్కి కూడా తిరుగుతుంది, మళ్లీ ముందుకొస్తుంది. ఒకసారి దిశ మరిచిపోవడానికి పట్టే దూరం రోజును బట్టి మారుతుంది, చాలా సందర్భాల్లో ఒకటిన్నర కోటి నుంచి నాలుగున్నర కోట్ల కిలోమీటర్ల మధ్య తేలుతుంది. అంటే మన దగ్గరికి వచ్చేలోపు చాలా కణాలు కొన్నిసార్లైనా అటూ ఇటూ తిరిగి ఉంటాయి. పేలుడు నిమిషాల్లో అయిపోయినా కణాలు గంటలు, రోజుల తరబడి వస్తూ ఉండటానికి ఇది ఒక కారణం. 1956 ఫిబ్రవరి 23న నేల మీద కొలిచిన వాటిల్లో అతి పెద్ద సౌర కణాల పెరుగుదల వచ్చింది. నిమిషాల్లో ఎగబాకి, తగ్గడానికి చాలా గంటలు తీసుకుంది. షికాగోలో మేయర్, పార్కర్, సింప్సన్ దాన్ని చూసే, దారిలో ఏదో ఈ కణాలను చెదరగొట్టి ఆపుతోందని గ్రహించారు.

చెదరడానికి పోటీగా పనిచేసేది ఇంకొకటుంది. సూర్యుడి నుంచి దూరం పోయేకొద్దీ క్షేత్రం బలం తగ్గుతుంది. బలమైన క్షేత్రంలో అడ్డంగా గిరికీలు కొడుతున్న కణం బలహీనమైన చోటికి వచ్చేసరికి రేఖ వెంట నిలువుగా సాగుతుంది. నీ సిలబస్‌లో మాగ్నెటిక్ మిర్రర్ అని చదివి ఉంటావు, అదే తిరగేసినట్టు. చెదరడం ఎక్కువైన రోజు కణాలు అన్ని దిక్కుల నుంచీ వస్తున్నట్టు కనిపిస్తాయి, ఈ సాగడం గెలిచిన రోజు ఒకే దిక్కు నుంచి దూసుకొస్తాయి. ఏ రోజు ఏది గెలుస్తుందో ముందుగా చెప్పడం ఇప్పటికీ కష్టమే.

నీ రెండో ప్రశ్నకు ఇంకో సగం జవాబు కణాలు ఎక్కడ పుడుతున్నాయన్న దాంట్లో ఉంది. కొన్ని సౌర జ్వాలలోనే, అంటే పేలుడు మెరుపు పుట్టిన చోటే పుడతాయి. ఇవి చిన్నవి, కొద్ది గంటల్లో అయిపోతాయి, ఎలక్ట్రాన్లు ఎక్కువ. హీలియం-3 అనే అరుదైన రకం మామూలు సౌర పవనంలో కంటే వీటిలో వెయ్యి రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఇవి బలరేఖ సరిగ్గా కుదిరితేనే మనకు కనిపిస్తాయి. పెద్దవి మాత్రం వేరు. వేగంగా పోయే సీఎంఈ ముందు షాక్, అంటే ప్లాస్మా ఒక్కసారిగా నొక్కుకుపోయిన అల, ఏర్పడుతుంది. ఆ షాక్‌కు అటూ ఇటూ కణాలు పదేపదే దాటుతూ ప్రతిసారీ కొంచెం శక్తి పెంచుకుంటాయి. షాక్ చాలా వెడల్పు, పైగా అది ఒక్కచోట ఉండదు, ముందుకొస్తూ దారి పొడవునా కణాలను వదులుతూనే ఉంటుంది.

పడమర 60 డిగ్రీల దగ్గర పేలితే షాక్ పుట్టీపుట్టగానే, అది సూర్యుడి దగ్గర అతి బలంగా ఉన్నప్పుడే, మన బలరేఖ మీద ఉంటుంది. గ్రాఫ్ గోడ ఎక్కినట్టు లేచి, మెల్లగా తగ్గుతుంది. నడిమధ్యన పేలితే మొదట మన బలరేఖ షాక్ పక్క భాగానికి మాత్రమే తగులుతుంది, కణాలు నిదానంగా పెరుగుతాయి. షాక్ దగ్గరయ్యేకొద్దీ మన రేఖ దాని బలమైన ముందు భాగానికి జరుగుతుంది, ఒకటి రెండు రోజుల తర్వాత అది మనల్ని దాటేటప్పుడు మళ్లీ ఒక ఎత్తు వస్తుంది. తూర్పు అంచున పేలితే ఇంకా ఆలస్యం, షాక్ దాటిపోయాక గానీ గ్రాఫ్ పైకి చేరకపోవచ్చు. సెమినార్లో ఈ మూడు గ్రాఫులు పక్కపక్కన చూపించు, వంద మాటల పని చేస్తాయి.

వెనక వైపు పేలుడు సంగతికి వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, వాదన ఇంకా నడుస్తున్న భాగం కూడా ఇదే. 2006లో వెళ్లిన స్టీరియో అనే రెండు అంతరిక్ష నౌకలు భూమికి ముందొకటి, వెనకొకటి జరుగుతూ పోయి, 2011 నాటికి సూర్యుడి చుట్టూ మూడు వైపుల నుంచి చూసే వీలు కల్పించాయి. 2011 నవంబరు 3న మనకు కనిపించని వైపు పేలుడు జరిగింది. స్టీరియో రెండూ, భూమి దగ్గరి నౌకలూ, మూడు చోట్లా ఎక్కువ ఆలస్యం లేకుండా కణాలు పెరిగాయి. 2021 ఏప్రిల్ 17న పార్కర్ సోలార్ ప్రోబ్, సోలార్ ఆర్బిటర్, బెపికొలంబో, స్టీరియో-ఎ, భూమి దగ్గరి నౌకలు, ఇలా ఐదు చోట్ల నుంచి ఒకే ఘటనను చూశారు. అక్కడా 200 డిగ్రీలకు పైగా వ్యాపించాయి. బలరేఖను వదలని కణం అంత పక్కకు ఎలా పోయింది?

షాక్ సూర్యుడి చుట్టూ చాలా వెడల్పుగా పాకి, దూరపు బలరేఖల మీద కూడా నేరుగా కణాలను వేసిందనేది ఒక వాదన. బలరేఖలే బుద్ధిగా ఉండవనేది ఇంకో వాదన. సూర్యుడి ఉపరితలం ఎప్పుడూ ఉడుకుతూ ఉంటుంది, 30 వేల కిలోమీటర్ల వెడల్పున్న ప్రవాహాలు ఒక రోజు ఉండి మారిపోతుంటాయి. బలరేఖల మొదళ్లు వాటితో పాటు కొట్టుకుపోతాయి. పైన సౌర పవనపు అల్లకల్లోలం కూడా తోడవుతుంది. కాబట్టి సూర్యుడి మీద పక్కపక్కనే బయల్దేరిన రెండు రేఖలు మన దగ్గరికి వచ్చేసరికి దూరదూరంగా తేలవచ్చు. కణం తన రేఖను వదలకపోయినా రేఖే దాన్ని పక్కకు తీసుకుపోతుంది. జోకిపీ, పార్కర్ 1960ల చివర్లోనే ఈ ఆలోచన పెట్టారు. పైన చెప్పిన దారి పొడవు ఎక్కువ రావడానికి కూడా ఇది కారణం కాగలదు, తిరుగుడు రేఖ సాఫీ రేఖకంటే పొడవు కదా. దీనికి తోడు, చెదిరినప్పుడు కణం పక్క రేఖ మీదికి జరగడం కూడా ఉంది, కానీ అది మెల్లగా జరిగే పని.

నా అభిప్రాయం అడిగితే, మొదటి గంటలో దూరంగా కనిపించే కణాలకు వెడల్పాటి షాక్, తిరుగుడు రేఖలు రెండూ కావాలి. ఒక్కదానితోనే అన్ని ఘటనలనూ వివరించాలనే పట్టుదల నాకు సరైనదిగా అనిపించదు. తర్వాతి రోజుల సంగతి వేరు. పెద్ద ఘటన చివర్లో వేర్వేరు చోట్లున్న నౌకలన్నిటిలోనూ కణాల సంఖ్య దాదాపు ఒకటై, కలిసికట్టుగా తగ్గుతుంది. అప్పటికి లోపలి సౌర కుటుంబంలో చాలా మేర కణాలు సర్దుకుపోయి ఉంటాయి. సౌర పవనం వ్యాకోచిస్తుంటే వాటి శక్తి కూడా కొద్దికొద్దిగా తగ్గిపోతుంది.

ఇక మీ అమ్మగారి ప్రశ్న. నిశ్చింతగా ఉండమని చెప్పు. ఈ ప్రోటాన్లకు ముందు భూమి అయస్కాంత క్షేత్రం అడ్డు, తర్వాత వాతావరణం అడ్డు. అయస్కాంత భూమధ్యరేఖ తమిళనాడు దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి ఆ క్షేత్రాన్ని దాటడం అతి కష్టమైన చోట్లలో మనది ఒకటి. మన ప్రాంతంలో పై నుంచి నేరుగా వాతావరణం దాకా రావాలంటే ప్రోటాన్‌కు సుమారు 16 వేల ఎంఈవీ శక్తి ఉండాలి, సూర్యుడి కణాల్లో అంత శక్తి ఉన్నవి అరుదు. ఇబ్బందల్లా ధ్రువాల మీదుగా పోయే విమానాలకు, ఉపగ్రహాల ఎలక్ట్రానిక్స్‌కు, భూమి క్షేత్రం దాటి పోయే వ్యోమగాములకు. 1972 ఆగస్టులో చాలా తీవ్రమైన ఘటన వచ్చింది. అపోలో-16 ఏప్రిల్లో తిరిగొచ్చేసింది, అపోలో-17 డిసెంబరులో వెళ్లింది. ఆ మధ్యలో చంద్రుడి మీద ఎవరూ లేరు.

సెమినార్‌కు సొంతంగా ఏదైనా చేయాలనుంటే ఆదిత్య-ఎల్1 డేటా తీసుకో. 2023 సెప్టెంబరు 2న అది ఎగిరిన శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని కక్ష్యకు చేరింది. అందులో అహ్మదాబాద్ పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ) వాళ్లు చేసిన ఆస్పెక్స్ అనే పరికరం ఉంది, దాని స్టెప్స్ విభాగం ఆరు దిక్కుల నుంచి వచ్చే కణాలను విడివిడిగా లెక్కపెడుతుంది. ఒక డిటెక్టర్ సూర్యుడి వైపు, ఇంకొకటి సరిగ్గా పార్కర్ చెప్పిన వంకర రేఖ వైపు పెట్టారు. ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే డేటా ఉచితం. ఇది ఎక్కువగా 5, 6 ఎంఈవీ లోపు కణాలను చూస్తుంది కాబట్టి జ్వాల జరిగిన గంటన్నర, రెండు గంటల తర్వాత నుంచి వెతుకు. అమెరికా గోస్ ఉపగ్రహాల ప్రోటాన్ గ్రాఫ్‌ను అదే రోజుకు పక్కన పెట్టుకో. పడమర 40 నుంచి 70 డిగ్రీల మధ్య పేలినదాన్ని ఒకటి, తూర్పున పేలినదాన్ని ఒకటి ఎంచుకుని, ఆ రెండు డిటెక్టర్ల లెక్కల్లో మొదటి కొన్ని గంటల తేడా చూడు. గ్రాఫ్ వచ్చాక ఇక్కడే పెట్టు, మొదలైన టైము ఎలా గుర్తించాలో దాని మీదే చెబుతాను.